గండికోట కథ – 4: కరగని విగ్రహాలు

పోయిన భాగంలో పెమ్మసాని నాయకుల ఏలుబడి చెప్పుకున్నాం. కాకరాజు కట్టించాడని ఊరి చరిత్ర రాసిన కైఫీయతు చెప్పే చిన్న కోట, విజయనగర కాలం నాటికి సీమలో పేరుమోసిన దుర్గమైంది. 1565లో రక్కసి తంగడి దగ్గర రాయల సేన ఓడిపోయాక రాజధాని హంపి నుంచి పెనుకొండకు, తర్వాత చంద్రగిరికి, చివరికి వేలూరికి జరుగుతూ పోయింది. మధ్యలో గోల్కొండ సేనలు వచ్చి పోయినా గండికోట మాత్రం పెమ్మసాని వారికే దక్కుతూ వచ్చింది. వేలూరులో మూడో శ్రీరంగరాయలు పేరుకే చక్రవర్తిగా మిగిలిన రోజుల్లో కోటలో చిన తిమ్మానాయుడు ఉన్నాడు. కొండ కింద మైదానంలో ఒక ఇరానీ వజ్రాల వ్యాపారి గుడారాలు వేయించిన దగ్గర పోయిన భాగం ఆగింది.

ఆ వ్యాపారి అసలు పేరు మీర్ మహమ్మద్ సయ్యిద్. చరిత్ర గుర్తుపెట్టుకున్నది అతని పదవి పేరునే: మీర్ జుమ్లా.

నూనె వ్యాపారి కొడుకు

ఇరాన్‌లో ఇస్ఫహాన్ దగ్గర అర్దిస్తాన్ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రిది నూనె వ్యాపారం. చదువు కొంత అబ్బింది, లెక్క బాగా అబ్బింది. ఒక వ్యాపారి దగ్గర గుమాస్తాగా గోల్కొండ చేరాడు. అప్పట్లో ప్రపంచానికి వజ్రాలు కృష్ణా, పెన్నా తీరాల నుంచే పోయేవి. మీర్ జుమ్లా వేర్వేరు పేర్లతో గనులు పాటకు తీసుకుని పోగేశాడని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియర్ రాశాడు. చేతిలో డబ్బు ఆడేసరికి దర్బారులో తలుపులు తెరుచుకున్నాయి. మచిలీపట్నం అధికారి అయ్యాడు, సొంత ఓడలు తిప్పాడు, అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో ప్రధాన మంత్రి దాకా ఎక్కాడు.

అతన్ని పెన్నా లోయ వైపు తోసింది మాత్రం ఢిల్లీ రాజకీయం. 1636లో షాజహాన్ ఒత్తిడికి గోల్కొండ, బీజాపూర్ సుల్తానులు ఇద్దరూ తలవంచి ఒప్పందాలు రాసిచ్చారు. దాంతో ఉత్తరాన మొగలుల సరిహద్దు గోడలా నిలిచిపోయింది. పెరగాలంటే మిగిలింది దక్షిణమే. అక్కడ విజయనగరపు చివరి రాయలు, ఆయన మాట విననివాళ్ళు కొందరు, విన్నట్టు నటించేవాళ్ళు కొందరు నాయకులు. ఇద్దరు సుల్తానులూ ఆ నేలను ముందుగానే పంచుకున్నారు. తూర్పు వైపు పని గోల్కొండ తరఫున మీర్ జుమ్లాకు పడింది. 1640ల ఆరంభంలో మొదలైన దండయాత్రలో నెల్లూరు సీమ, ఉదయగిరి ఒక్కొక్కటే లొంగాయి. కడప సీమలో అడుగు నిలవాలంటే గండికోట కావాలి.

ఎందుకంటే పెన్నా వెంట జమ్మలమడుగు, ప్రొద్దుటూరు మీదుగా సాగే నల్లరేగడి నేల అంతా ఆ కోట చెప్పుచేతల్లో ఉండేది. పత్తి పండేది, నేత సాగేది, గుళ్ళకు మాన్యాలుండేవి. కోట చేతిలో ఉన్నవాడికే శిస్తు. కోట వదిలేసి పల్లెలు పట్టుకున్నవాడు రాత్రి నిద్ర పోలేడు.

కొండ మీది ఊరు

జమ్మలమడుగు నుంచి ఇప్పుడు గండికోటకు దాదాపు పదిహేను కిలోమీటర్లు. పెద్ద దర్వాజా దాటగానే కనిపించేది కోట కాదు, పల్లె. ఇళ్ళ ముందు గేదెలు, అరుగులు, కడప బండలు పరిచిన వాకిళ్ళు. ఆ ఇళ్ళ వెనక మాధవరాయస్వామి గోపురం, ఇంకొంచెం పోతే మసీదు మినార్లు, ఆ తర్వాత నేల ఉన్నట్టుండి తెగిపోయి అడుగున పెన్న. ఎర్రమల కొండలను నది నిలువునా కోసిన ఆ లోయే కోటకు ఉత్తరం వైపు గోడ. మనిషి కట్టిన ప్రాకారం మిగిలిన దిక్కులకే అవసరమైంది.

1652లో ఈ ఊరు ఎలా ఉండేదో కళ్ళారా చూసి రాసిన మనిషి ఒకడున్నాడు. పారిస్‌లో పుట్టిన నగల వ్యాపారి జాన్ బాప్టిస్ట్ టావెర్నియర్. గోల్కొండ సుల్తానుకు అమ్మడానికి ముత్యాలు, నగలు తెచ్చుకున్నాడు. అయితే మీర్ జుమ్లా చూడనిదే సుల్తాను ముందు ఏ సరుకూ పెట్టడానికి లేదు. మీర్ జుమ్లా గండికోటలో ఉన్నాడు. కాబట్టి టావెర్నియర్ మద్రాసు వైపు నుంచి తోటి వ్యాపారి దు జార్డెన్‌తో కలిసి 1652 సెప్టెంబరు మొదట్లో ఇక్కడికి వచ్చాడు.

కర్ణాటక రాజ్యంలోని గట్టి ఊళ్ళలో ఇదొకటని అతను రాసుకున్నాడు. పైకి ఒక్కటే దారి. వెడల్పు ఇరవై పాతిక అడుగులు, కొన్నిచోట్ల ఏడెనిమిది అడుగులే. కుడిపక్క భయంకరమైన లోయ, కింద పెద్ద నది. పైకెక్కితే చిన్న మైదానం, అందులో చిన్న చిన్న ఊటల నీళ్ళతో వరి, చిరుధాన్యాలు పండుతున్నాయి. మైదానం చివర, చుట్టూ లోయలున్న కొమ్ము మీద ఊరు. లోపలికి ఒకటే ద్వారం, ఆ వైపు చెక్కిన రాతితో మూడు వరసల గోడలు, రాతి కట్టడపు కందకాలు. లోపలివాళ్ళు కాపలా కాయవలసింది నాలుగైదు వందల అంగల మేర మాత్రమేనట.

తినడానికి పంట, తాగడానికి ఊట, కాపలాకు నాలుగు వందల అంగల జాగా. ముట్టడించినవాడికి ఇంతకన్నా చెడ్డ స్థలం ఉండదు.

ముట్టడి

టావెర్నియర్ లెక్కలో ముట్టడి మూడు నెలలు సాగింది. కోటలో ఉన్న రాజు హిందూ సేనానులలో మేటి అని పేరున్నవాడని రాశాడు. ఆ రాజు తెరిపి చూసి తలుపు తీయించి బయటికి దూకేవాడు, మీర్ జుమ్లా మనుషులను నరికి మళ్ళీ లోపలికి పోయేవాడు. అయితే కోట దగ్గరున్నవి రెండే ఇనుప ఫిరంగులు. ఒకటి పన్నెండు పౌన్ల గుండు వేసేది, రెండోది ఏడెనిమిది పౌన్లది.

మీర్ జుమ్లా సైన్యం పెద్దదే. ఫిరంగులూ ఉన్నాయి. అయితే అవి కింద ఉన్నాయి, కోట పైన ఉంది. కొండ పక్కన ఫిరంగులు పైకి లాగితే తప్ప పని జరగదని అర్థమై, గోల్కొండ కొలువులో ఉన్న యూరోపియన్ ఫిరంగీదారులందరినీ పిలిపించాడు. డచ్చి కంపెనీ బాధలు పడలేక బయటికొచ్చిన ఫ్రెంచివాళ్ళు కొందరు, ఇంగ్లీషువాళ్ళు, డచ్చివాళ్ళు, ఇద్దరు ముగ్గురు ఇటలీవాళ్ళు. ఫిరంగులు పైకి చేరిస్తే మామూలు జీతం కాక నాలుగు నెలల జీతం అదనంగా ఇస్తానన్నాడు. చేర్చారు. నాలుగు ఫిరంగులు కొండ మీదికి ఎక్కాయి. ముందు ద్వారం మీదున్న కోట ఫిరంగిని మూగబోయేలా కొట్టారు, తర్వాత ద్వారం మీద పడ్డారు. ద్వారం సగం కూలేసరికి లోపలివాళ్ళు సంధికి వచ్చి, మర్యాదగా కోట ఖాళీ చేసి వెళ్ళిపోయారట.

జమ్మలమడుగు సీమలో చెప్పుకునే కథ వేరు. కైఫీయతులో కోట పడింది ఫిరంగులకు కాదు, విషానికి. బయట గెలవలేని మీర్ జుమ్లా లోపలి మనిషిని పట్టుకున్నాడని, మంత్రి పొదిలి లింగన్న చిన తిమ్మానాయుడికి విషం పెట్టించాడని, అక్క గోవిందమ్మ మంటల్లో దూకిందని, తిమ్మానాయుడి పసికొడుకు పిన్నయ్యను మైసూరు వైపు తప్పించారని ఆ కథ సాగుతుంది. కోట ఓడింది కాదు, మోసపోయిందన్నది దాని సారం. ఊళ్ళో ఈనాటికీ ఎక్కువ మంది నమ్మేది దీన్నే.

తేదీలోనూ పేచీ ఉంది. చాలా చరిత్ర గ్రంథాలు కోట 1650లో పడిందని రాస్తాయి. టావెర్నియర్ మాత్రం తాను చేరేసరికి కోట గెలిచి ఎనిమిది రోజులే అయిందంటాడు. అతను చూసిన దృశ్యం మటుకు అప్పుడే యుద్ధం ముగిసిన ఊరిదే: కొండ కింద మైదానంలో ఏటి ఒడ్డున సైన్యమంతా దిగి ఉంది, మీర్ జుమ్లా తన రౌతులను తనిఖీ చేస్తున్నాడు. పొద్దుపోయిన వేళ వెళుతున్న ఇద్దరు తెల్లవాళ్ళను చూసి ఒక ఇంగ్లీషు ఫిరంగీదారు, ఒక ఇటలీవాడు పలకరించి తమ గుడారంలో పడుకోమన్నారు. పైన ఊళ్ళో ఇంకో ఫ్రెంచివాడున్నాడని ఆ రాత్రే తెలిసింది.

బూర్జ్ ఊరి మాయి

అతని పేరు క్లోద్ మాయి. ఫ్రాన్సు నడిబొడ్డున ఉన్న బూర్జ్ పట్టణం సొంత ఊరు. మర్నాడు టావెర్నియర్ కొండెక్కి అతని ఇంటికే వెళ్ళాడు. ఇద్దరికీ బటావియాలోనే పరిచయం.

మాయి గండికోట చేరిన తీరు ఒక కథ. ఆమ్‌స్టర్‌డామ్‌లో డచ్చి కంపెనీ కొలువుకు పేరిచ్చి జావాలోని బటావియాకు వచ్చాడు. చేతిపని తెలిసినవాడని అక్కడి గవర్నర్ జనరల్ తన తోటలో జలయంత్రాలు, రాతి గుహలు కట్టడానికి పెట్టుకున్నాడు. అక్కడ సరిగా చూడలేదు. డచ్చివాళ్ళు మీర్ జుమ్లా దగ్గరికి రాయబారం పంపుతుంటే ఆ గుంపులో చేరి ఇక్కడికి వచ్చాడు. రాయబారి తిరుగు ప్రయాణానికి ముందు శస్త్రవైద్యుడి పెట్టె, లేపనాల డబ్బా చేజిక్కించుకుని దాక్కున్నాడు. వాళ్ళు వెళ్ళిపోయాక బయటికొచ్చి వైద్యుణ్ణన్నాడు. మీర్ జుమ్లాకు వైద్యుడు కావాలి, నమ్మాడు. కొన్నాళ్ళకు ఫిరంగులు పోయడం వచ్చా అని అడిగాడు. సామగ్రి ఇస్తే పోస్తానన్నాడు మాయి.

తోటమాలి, వైద్యుడు, ఇప్పుడు కంచరి.

మీర్ జుమ్లా అడిగింది చిన్న పని కాదు. మొత్తం ఇరవై ఫిరంగులు: నలభై ఎనిమిది పౌన్ల గుండు వేసేవి పది, ఇరవై నాలుగు పౌన్లవి పది. గెలిచిన కోటలో వాటిని నిలబెట్టాలన్నది ఆలోచన. తానెలా గెలిచాడో తెలిసినవాడికి, తన తర్వాత ఇంకొకడు అలాగే గెలవకూడదన్న జాగ్రత్త. అంత లోహం ఎక్కడిది? సైన్యం నడిచిన దారిలో గుళ్ళ నుంచి రాగి, కంచు విగ్రహాలు పోగుచేయించాడు.

గండికోటలోని పెద్ద గుడి ఈ దేశంలోని అందమైన గుళ్ళలో ఒకటని, అందులో బంగారు, వెండి విగ్రహాలు ఎన్నో ఉండేవని టావెర్నియర్ రాశాడు. రాగి విగ్రహాలలో ఆరు ప్రత్యేకం. మూడు కూర్చున్న భంగిమలో, మూడు దాదాపు పది అడుగుల ఎత్తున నిలుచున్నవి. చుట్టుపక్కల గుళ్ళ నుంచి తెచ్చినవన్నీ కరిగాయి. ఆ ఆరు మాత్రం కరగలేదు.

మీర్ జుమ్లా ఖర్చుకు వెనుకాడలేదు. మంత్రాలు వేశారంటూ పూజారులను బెదిరించాడు. కొలిమి ఎంత రాజేసినా లాభం లేకపోయింది. చివరికి మాయి ఒక్క ఫిరంగి కూడా సరిగా పోయలేకపోయాడు. ఒకటి పగిలింది, ఇంకొకటి సగంలో ఆగింది. విసిగి కొలువు మానుకుని పోయాడు.

ఆ ఆరు విగ్రహాల కథను పూజారుల మహిమ అనుకున్నవాళ్ళు ఉన్నారు, మాయి చేతకానితనం అనుకున్నవాళ్ళూ ఉన్నారు. కొట్టేసిన పెట్టెతో వైద్యుడైన మనిషికి పది అడుగుల పోత విగ్రహాన్ని కరిగించే కొలిమి కట్టడం ఎంత వచ్చునో ఊహించుకోవచ్చు. రెండో మాటే నిజమయ్యే అవకాశం ఎక్కువ. అయితే పగలని ఫిరంగి పోయడం ఆ రోజుల్లో యూరప్‌లోనూ అందరికీ వచ్చిన విద్య కాదు.

ఈ రోజు మాధవరాయస్వామి గుడిలో మూలవిరాట్టు లేదు. విజయనగర పద్ధతిలో కట్టిన ఎత్తైన గోపురం, మండపాల స్తంభాల మీద చెక్కుళ్ళు మాత్రం ఉన్నాయి. ఇక్కడి స్వామిని మైదుకూరికి తరలించారని, అక్కడి మాధవరాయస్వామి గుడిలో ఉన్నది ఆయనేనని చుట్టుపక్కల చెప్పుకుంటారు. కొంత దూరంలోని రంగనాథస్వామి గుడిదీ అదే స్థితి. రాయి నిలిచింది, గర్భగుడి ఖాళీ.

కాలివేళ్ళ మధ్య ఉత్తరాలు

మీర్ జుమ్లా పని చేసే తీరు టావెర్నియర్‌ను అబ్బురపరిచింది. గుడారంలో చెప్పులు లేకుండా కూర్చుంటాడు. వచ్చిన ఉత్తరాలు కొన్ని కాలివేళ్ళ మధ్య, కొన్ని ఎడమచేతి వేళ్ళ మధ్య. ఒకసారి కాలి నుంచి, ఒకసారి చేతి నుంచి ఒక్కొక్కటి లాగి ఇద్దరు రాయసగాళ్ళకు జవాబులు చెప్పి రాయిస్తాడు, కొన్ని తానే రాస్తాడు. మచిలీపట్నంలో ఓడలు, గోల్కొండలో కొడుకు మహమ్మద్ అమీన్, మద్రాసులో ఇంగ్లీషువాళ్ళు, చుట్టూ లొంగీ లొంగని పాలెగాళ్ళు. ఈ పోగులన్నీ కలిసేది కొండ కింద ఆ గుడారంలోనే.

అక్కడే న్యాయం కూడా. నలుగురు నేరస్తులను తెచ్చారు. అరగంటకు పైగా వాళ్ళ వంక చూడకుండా రాతపనిలోనే ఉండి, తర్వాత ఒక్కొక్కణ్ణి ప్రశ్నించి ఒప్పించి తీర్పు చెప్పాడు. ఒక ఇంట్లో చొరబడి తల్లినీ ముగ్గురు బిడ్డలనూ చంపినవాడికి కాళ్ళూ చేతులూ నరికి దారి పక్క పొలంలో పడేయమన్నాడు. దారి దోపిడీ చేసినవాడికి పొట్ట చీల్చమన్నాడు. మిగిలిన ఇద్దరికి తలలు తీయించాడు. యుద్ధంలో చెల్లాచెదురైన సీమలో దారులు మళ్ళీ నడవాలంటే భయం పుట్టించాలన్నది అతని లెక్క.

మరోసారి ఐదు చిన్న సంచులు తెప్పించి యాత్రికుల ముందు పెట్టాడు. ఒక్కొక్కదానిలో గుప్పెడు వజ్రాలు. చిన్నవి, పలుచనివి, నీరు నల్లనివి. యూరప్‌లో ఇవి పోతాయా అని అడిగాడు. ఈ సీమలో వజ్రాలు మెండని విని పన్నెండు వేల మందిని తవ్వకాలకు పెట్టించానని, ఏడాది తవ్వితే వచ్చింది ఈ ఐదు సంచులేనని చెప్పాడట. చివరికి తవ్వకాలు మాన్పించి వాళ్ళందరినీ సేద్యానికి పంపేశాడు.

ఆ పన్నెండు వేల మంది ఎవరో ఏ పుస్తకమూ చెప్పదు. జొన్న, కొర్ర, పత్తి పండించే చేతులకు గడ్డపార ఇచ్చి ఏడాది పాటు గుంటల్లో దింపితే చేలు ఏమై ఉంటాయో చెప్పడానికి పుస్తకం అక్కర్లేదు. పెన్నా తీరంలో వజ్రాల మాట వట్టిది కాదు. కడప దగ్గర చెన్నూరులో, అనంతపురం వైపు వజ్రకరూరులో దొరికేవి. కొల్లూరు గనుల రాళ్ళు చూసి వచ్చిన మనిషికి మాత్రం ఇవి ఆనలేదు. అలాంటి మేలైన రాళ్ళు కొన్న టావెర్నియరే తర్వాత ఒక నీలి వజ్రాన్ని ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీకి అమ్మాడు. అది సానబట్టి సానబట్టి ఇప్పుడు హోప్ డైమండ్ పేరుతో వాషింగ్టన్ మ్యూజియంలో ఉంది.

గండికోట నుంచి మీర్ జుమ్లాకు కావలసినవి రెండు: ఫిరంగుల కంచు, వజ్రాలు. కంచు పగిలింది, వజ్రాలు నల్లబడ్డాయి. అనుకోకుండా దక్కింది ఇంకొకటి. గోల్కొండ సుల్తానుకు అందనంత దూరంలో, పైకి ఒకే దారి ఉన్న సొంత కొండ.

కొత్త యజమాని ఊరు

గండికోటలో ఇప్పుడు కనిపించే గురుతులు చాలావరకు పెమ్మసాని వారి కాలానివి, ఆ తర్వాతి ముస్లిం పాలకుల కాలానివి. గుడి గోపురానికి కాస్త దూరంలోనే రెండు మినార్ల జామియా మసీదు, ముందు విశాలమైన ఆవరణ, చుట్టూ కమానుల వరస. పక్కన కత్తుల కోనేరు. యుద్ధం అయ్యాక కత్తులు అందులో కడిగేవాళ్ళని, నీళ్ళు ఎర్రబడేవని ఊళ్ళో చెబుతారు. వంపు కప్పుతో ఉన్న పెద్ద ధాన్యాగారం ముట్టడి రోజులను తలపిస్తుంది. కోట నిలిచేది గోడలతో సగం, గాదెతో సగం. జైలు, పావురాల గోపురం, రాయల చెరువు కూడా ఆ నడక దూరంలోనే ఉన్నాయి.

గుడినీ మసీదునీ ఒకే చూపులో చూసిన యాత్రికులకు ఇది కలిసిమెలిసి బతికిన ఊరుగా కనిపిస్తుంది. 1652లో ఆ మాట చెప్పడం కష్టం. ఒక గుడి విగ్రహాలు కొలిమిలో ఉన్నాయి, పూజారులు బెదిరింపుల మధ్య ఉన్నారు. అయితే సైన్యాలు పోయాక పల్లె మిగిలింది. రెండు కట్టడాల నీడలోనూ పశువులు కట్టేసుకుని, రెండింటి రాళ్ళ మధ్యా పొలాలు దున్నుకుని బతికిన జనం వేరే కథ రాశారు.

మీర్ జుమ్లాకు ఆ కథ పట్టలేదు. అతని చేతిలో ఉన్న కర్ణాటక సీమ పొడవు 300 మైళ్ళు, వెడల్పు 50 మైళ్ళు, ఏటా రాబడి 40 లక్షల రూపాయలని చరిత్రకారుడు జదునాథ్ సర్కార్ లెక్కగట్టాడు. మంత్రి చేతిలో రాజుకు మించిన సీమ ఉంటే గోల్కొండలో గుసగుసలు పుట్టక మానవు. అబ్దుల్లా కుతుబ్ షా గెలిచిన నేలలో తన వాటా అడగడం మొదలుపెట్టాడు. మీర్ జుమ్లా ఒకపక్క బీజాపూరుకు, ఒకపక్క ఇరాన్‌కు, ఇంకోపక్క దక్కనులో కాచుకు కూర్చున్న ఔరంగజేబుకు ఉత్తరాలు నడిపాడు.

1655 చివర్లో గోల్కొండ దర్బారులో మహమ్మద్ అమీన్ తాగి వచ్చి సుల్తాను ఆసనం మీద పడుకోవడం, ఆ తప్పుకు బదులుగా అతన్ని, ఇంటివాళ్ళను ఖైదు చేయడం, దాన్ని సాకుగా చేసుకుని మరుసటి ఏడు మొదట్లో ఔరంగజేబు సేనలు హైదరాబాదు మీద పడడం వచ్చే భాగంలో. ఆ గొడవలో గండికోట ఎవరి ఆస్తి అన్న ప్రశ్న ఢిల్లీ దాకా ఎలా వెళ్ళిందో, కొండ దిగిపోయిన మీర్ జుమ్లా మళ్ళీ ఇక్కడికి రాకుండానే బెంగాల్ సుబేదారుగా ఎలా కన్ను మూశాడో, ఖాళీ అయిన గండికోట పీఠం కడప నవాబుల చేతికి ఎలా వచ్చిందో అక్కడ చెప్పుకుందాం.